ఆక్యుపంక్చర్‌కు వెళ్తున్నారా? ఏ నొప్పికి పనికొస్తుంది, ఎన్ని సిట్టింగ్‌ల దగ్గర ఆపాలి?

అమ్మకు ఏడాదిగా మోకాళ్ల నొప్పులు. ఎముకల డాక్టర్ ఎక్స్‌రే చూసి, బరువు తగ్గమన్నారు. వ్యాయామం చేయమన్నారు. నొప్పి మరీ ఎక్కువైనప్పుడు మాత్ర వేసుకోమన్నారు. ఆపరేషన్ ఇప్పుడే అక్కర్లేదన్నారు. ఆ మాత్ర వేసుకుంటే అమ్మకు కడుపులో మంట. ఇంతలో ఫ్యామిలీ గ్రూపులో పిన్ని ఒక ఫొటో పెట్టింది. ‘మందుల్లేవు, ఆపరేషన్ లేదు. మోకాళ్లు, నడుము, షుగర్, థైరాయిడ్, పక్షవాతం... అన్నిటికీ ఆక్యుపంక్చర్. 20 సిట్టింగ్‌ల ప్యాకేజీపై డిస్కౌంట్.’

ఇలాంటి సందర్భం మీ ఇంట్లోనూ వచ్చి ఉండొచ్చు. అప్పుడు ఇంట్లో రెండు పార్టీలు తయారవుతాయి. ‘అదంతా బోగస్’ అనేవాళ్లు ఒకవైపు. ‘వేల ఏళ్ల నాటి విద్య, ఊరికే అంతకాలం నిలబడుతుందా’ అనేవాళ్లు ఇంకోవైపు. ఈ రెండు మాటలూ అమ్మ మోకాళ్ల విషయం తేల్చవు.

తేల్చాల్సిన ప్రశ్నలు మూడు. ఏ జబ్బుకు? ఎవరి చేతిలో? ఎన్ని సిట్టింగ్‌ల వరకు? మూడో ప్రశ్నను మనవాళ్లు దాదాపు అడగరు. కానీ ఈ చికిత్సకు ప్రజల డబ్బు ఖర్చు చేస్తున్న దేశాలు అన్నిటికంటే పట్టుగా చూసుకుంటున్నది దాన్నే.

ఇంతకీ ఆ సూదిలో ఏముంటుంది?

ఏమీ ఉండదు. మనకు ‘సూది వేయించుకోవడం’ అంటే ఇంజెక్షన్. ఆక్యుపంక్చర్ సూది అలాంటిది కాదు. లోపల బోలుగా ఉండదు, మందు ఎక్కించరు. సన్నటి స్టీల్ సూదిని చర్మంలోకి గుచ్చి, సాధారణంగా 20 నుంచి 30 నిమిషాలు అలాగే ఉంచి తీసేస్తారు. కొన్నిచోట్ల ఆ సూదులకు తీగలు తగిలించి స్వల్పంగా కరెంటు పంపుతారు. దాన్ని ఎలక్ట్రో ఆక్యుపంక్చర్ అంటారు. సూదులు లేకుండా వేలితో నొక్కితే ఆక్యుప్రెషర్. కొందరు ఫిజియోథెరపిస్టులు పట్టేసిన కండరంలోకి సూది గుచ్చుతారు, దాని పేరు డ్రై నీడ్లింగ్. సూది ఒకటే అయినా ఆ లెక్క వేరు.

చైనా సంప్రదాయ వైద్యం ప్రకారం ఒంట్లో ‘చి’ అనే ప్రాణశక్తి కొన్ని దారుల్లో ప్రవహిస్తుంది. అది అడ్డుపడితే జబ్బు, సూదితో ఆ అడ్డు తొలగిస్తే ఆరోగ్యం. ఆధునిక శరీరశాస్త్రానికి ఈ దారులేవీ దొరకలేదు. అయితే సూది గుచ్చినప్పుడు నరాలు స్పందిస్తాయి. ఎండార్ఫిన్ల వంటి, నొప్పిని తగ్గించే సహజ రసాయనాలు శరీరంలో విడుదలవుతాయి. ఇది ప్రయోగశాలల్లో తేలింది. అందుకే పరిశోధకులు ఈ చికిత్సను ఎక్కువగా నొప్పుల విషయంలోనే పరీక్షించారు.

మన దేశానికి ఎలా వచ్చింది?

1938లో జపాన్‌తో యుద్ధంలో ఉన్న చైనాకు సాయంగా భారత జాతీయ కాంగ్రెస్ ఐదుగురు వైద్యులను పంపింది. వారిలో సోలాపూర్‌కు చెందిన ద్వారకానాథ్ కోట్నిస్ పేరు అందరికీ తెలుసు. ఆయన 1942లో అక్కడే కన్నుమూశారు. అదే బృందంలోని డాక్టర్ బిజయ్ కుమార్ బసు 1950ల చివర్లో మళ్లీ చైనా వెళ్లి, ఆక్యుపంక్చర్ నేర్చుకుని కోల్‌కతాలో మొదలుపెట్టారు. ఈ చికిత్సకు బెంగాల్‌లో ఉన్నంత పట్టు దేశంలో ఇంకెక్కడా లేకపోవడానికి కారణం అదే.

పాశ్చాత్య దేశాల దృష్టి దీనిపై పడింది 1971లో. న్యూయార్క్ టైమ్స్ పాత్రికేయుడు జేమ్స్ రెస్టన్‌కు బీజింగ్‌లో అపెండిసైటిస్ వచ్చింది. ఆపరేషన్ తర్వాత కడుపు ఇబ్బందికి అక్కడి వైద్యులు సూదులు వేశారు. ఆయన ఆ అనుభవాన్ని రాశారు. ‘మత్తు లేకుండా సూదులతోనే ఆపరేషన్ చేశారట’ అని తర్వాత ఊరూరా పాకింది. నిజానికి ఆపరేషన్ మామూలు మత్తు ఇంజెక్షన్‌తోనే జరిగింది. అతిశయోక్తి ప్రచారానికి వాట్సాప్ అక్కర్లేదని చెప్పడానికి ఇదొక ఉదాహరణ.

మోకాళ్లకు పనిచేస్తుందా? జర్మనీ ఏం తేల్చింది?

అమ్మ మోకాళ్లకు సూటిగా పనికొచ్చే పరీక్ష ఒకటి ఉంది. 2000 తర్వాత జర్మనీలో ఆరోగ్య బీమా సంస్థలకు ఒక చిక్కు వచ్చింది. లక్షల మంది ఆక్యుపంక్చర్ చేయించుకుంటున్నారు. ఖర్చు ఎవరు భరించాలి? తేల్చడానికి పెద్ద ఎత్తున పరీక్షలు చేయించారు.

మోకాళ్ల అరుగుదల ఉన్న వెయ్యి మందికి పైగా రోగులను మూడు గుంపులు చేశారు. మొదటి గుంపుకు సంప్రదాయం చెప్పిన బిందువుల్లో సూదులు. రెండో గుంపుకు ‘ఉత్తుత్తి’ ఆక్యుపంక్చర్, అంటే ఆ బిందువులు కాని చోట్ల పైపైన గుచ్చడం. తమకు వేస్తున్నవి ఏ సూదులో రోగులకు తెలియదు. మూడో గుంపుకు డాక్టర్ సంప్రదింపులు. ఫిజియోథెరపీ, అవసరమైతే నొప్పి మాత్ర అందరికీ ఉన్నాయి.

26 వారాల తర్వాత చూస్తే, చెప్పుకోదగ్గ మెరుగుదల కనిపించింది మొదటి గుంపులో నూటికి 53 మందికి. రెండో గుంపులో 51 మందికి. మూడో గుంపులో 29 మందికి.

నడుంనొప్పి మీద 1,162 మందితో చేసిన పరీక్షలోనూ దాదాపు ఇదే బొమ్మ. అసలు సూదులతో 48 మంది, ఉత్తుత్తి సూదులతో 44 మంది, మామూలు వైద్యంతో 27 మంది.

ఈ అంకెల్లో రెండు విషయాలున్నాయి. ఒకటి, సూదులు వేయించుకున్నవాళ్లు మామూలు వైద్యం పొందినవాళ్ల కంటే బాగున్నారు. తేడా చిన్నదేం కాదు. రెండు, సూది ‘సరైన బిందువులో’ పడిందా లేదా అన్నది పెద్దగా లెక్కలోకి రాలేదు. అంటే ఉపశమనంలో చాలా భాగం మరోచోట నుంచి వస్తోంది. వారానికి రెండుసార్లు ఒక మనిషి అరగంట మీ నొప్పి గురించి అడిగి, మిమ్మల్ని పడుకోబెట్టి, చేయి వేసి, ‘తగ్గుతుంది’ అని ధైర్యం చెప్పడంలో కొంత ఉంది. ఎక్కడైనా సరే చర్మం మీద సూది పడితే నరాలు ఇచ్చే స్పందనలో కొంత ఉండొచ్చు.

ఒకే అంకెలు, రెండు తీర్పులు ఎందుకు?

ఇదే సమాచారం చూసి జర్మనీ, ఇంగ్లండ్ ఎదురెదురు నిర్ణయాలు తీసుకున్నాయి.

జర్మనీ మొదటి, మూడో గుంపులను పోల్చింది. ‘మామూలు వైద్యం కంటే రోగికి ఎక్కువ మేలు జరుగుతోంది కదా, కారణం ఏదైతేనేం’ అనుకుంది. 2006లో నిర్ణయం తీసుకుని, 2007 నుంచి ప్రభుత్వ ఆరోగ్య బీమాలో చేర్చింది. కానీ రెండింటికే. దీర్ఘకాలిక నడుంనొప్పి, మోకాలి అరుగుదల. అదీ నొప్పి కనీసం 6 నెలలుగా ఉంటేనే, అదనపు శిక్షణ పొందిన డాక్టర్ చేస్తేనే. తలనొప్పులను ఆ జాబితాలో చేర్చలేదు.

ఇంగ్లండ్‌లో వైద్య మార్గదర్శకాలు రూపొందించే సంస్థ నైస్. అది మొదటి, రెండో గుంపులను పోల్చింది. ‘ఉత్తుత్తి సూదికీ అసలు సూదికీ తేడా లేనప్పుడు ప్రజల డబ్బు ఎందుకు పెట్టాలి’ అనుకుంది. 2009లో నడుంనొప్పికి 10 సెషన్ల వరకు సిఫారసు చేసిన ఈ సంస్థే, 2016లో నడుంనొప్పికి ఆక్యుపంక్చర్ ఇవ్వొద్దని మాట మార్చింది. 2022లో కీళ్ల అరుగుదలకూ వద్దంది. అలాగని పూర్తిగా తలుపులు మూయలేదు. స్పష్టమైన కారణం దొరకని దీర్ఘకాలిక నొప్పికి, 2021 నుంచి ఒకే ఒక్క కోర్సు పరిశీలించవచ్చని చెబుతోంది. మొత్తం వైద్య సిబ్బంది సమయం 5 గంటలు దాటకూడదు.

మైగ్రేన్ సంగతి కాస్త మెరుగు. 22 పరీక్షలను, దాదాపు 5 వేల మంది రోగులను కలిపి చూసిన 2016 నాటి కాక్రేన్ సమీక్ష ఇలా తేల్చింది. మామూలు వైద్యంతో నెలలో తలనొప్పి వచ్చే రోజులు సగానికి తగ్గినవాళ్లు నూటికి 17 మంది. దానికి ఆక్యుపంక్చర్ కూడా తోడైతే 41 మంది. ఉత్తుత్తి సూదులతో పోల్చిన పరీక్షల్లో మాత్రం 41కి ఎదురుగా 50. తేడా చిన్నదే అయినా ఉంది. అందుకే రెండు రకాల నివారణ మందులు పనిచేయని, లేదా పడని మైగ్రేన్ రోగులకు 5 నుంచి 8 వారాల్లో 10 సెషన్ల వరకు ఇవ్వొచ్చని నైస్ అంటోంది.

అమెరికా దారి ఇంకోటి. నొప్పి మాత్రలుగా మొదలైన ఓపియాయిడ్లకు అలవాటుపడి అక్కడ లక్షల కుటుంబాలు నాశనమయ్యాయి. మందుల్లేని మార్గం కోసం వెతుకుతూ, 65 ఏళ్లు దాటినవారి ప్రభుత్వ బీమా మెడికేర్ 2020 జనవరిలో ఆక్యుపంక్చర్‌కు తలుపు తెరిచింది. ఒక్క దీర్ఘకాలిక నడుంనొప్పికే. 12 వారాలకు పైగా నొప్పి ఉండాలి. మొదట 90 రోజుల్లో 12 సెషన్ల వరకు. మెరుగుదల కనిపిస్తేనే మరో 8. ఏడాదికి 20 మించకూడదు. మెరుగుదల లేకపోతే ఆపేయాలి. పిల్లల దగ్గర స్థిరపడి మెడికేర్ పొందిన తెలుగు పెద్దలకూ ఇదే నిబంధన.

మూడు దేశాలు మూడు తీర్పులు చెప్పాయి. కానీ డబ్బు కట్టిన ప్రతిచోటా ముందే ఒక గీత గీశారు. ఈ జబ్బుకే, ఇన్ని సెషన్లే, గుణం లేకపోతే ఆపడమే. మన దగ్గర డబ్బు కట్టేది మీ జేబు. గీత గీసేవాళ్లు ఎవరూ లేరు. అది మీరే గీసుకోవాలి.

మన చట్టం ఏమంటోంది?

ఇక్కడ చాలామందికి గందరగోళం ఉంది. వరుసగా చూద్దాం.

కేంద్ర ఆరోగ్యశాఖ 2003 నవంబరులో ఒక ఉత్తర్వు ఇచ్చింది. గుర్తింపు పొందిన వైద్య విధానాలు కాని వాటిలో డిగ్రీలు ఇవ్వడం, పేరు ముందు ‘డాక్టర్’ పెట్టుకోవడం కుదరదని అందులో ఉంది. ఆక్యుపంక్చర్‌ను ఒక చికిత్సా పద్ధతిగా మాత్రం అనుమతించింది. రిజిస్టరైన వైద్యులు, లేదా తగిన శిక్షణ పొందినవారు చేయొచ్చని చెప్పింది. 2019 ఫిబ్రవరిలో ఆరోగ్య పరిశోధన విభాగం మరో ఉత్తర్వుతో ఆక్యుపంక్చర్‌ను స్వతంత్ర చికిత్సా పద్ధతిగా గుర్తించింది.

‘ప్రభుత్వ గుర్తింపు పొందిన వైద్యం’ అని బోర్డు మీద కనిపిస్తే దాని వెనక ఉన్నవి ఇవే. చికిత్సా పద్ధతికి గుర్తింపు ఉంది. దాని అర్థం ఆ క్లినిక్‌లో కూర్చున్న వ్యక్తి అర్హతను ప్రభుత్వం తనిఖీ చేసిందని కాదు. ఆ బోర్డు మీద రాసిన ప్రతి జబ్బుకూ అది పనిచేస్తుందని అంతకంటే కాదు.

పశ్చిమ బెంగాల్‌లో ఆక్యుపంక్చర్‌కు 1996లోనే ప్రత్యేక చట్టం వచ్చింది. మహారాష్ట్ర తర్వాత ఆ బాట పట్టింది. అక్కడ నమోదుకు కౌన్సిళ్లు ఉన్నాయి. తెలుగు రాష్ట్రాల్లో అలాంటి ప్రత్యేక కౌన్సిల్ లేదు. కాబట్టి హైదరాబాద్‌లో, విజయవాడలో, విశాఖలో మీకు ఎదురయ్యేవాళ్లు స్థూలంగా మూడు రకాలు.

మొదటి రకం, ఎంబీబీఎస్ చేసి ఆక్యుపంక్చర్‌లో అదనపు శిక్షణ పొందినవారు. రాష్ట్ర వైద్య మండలి రిజిస్ట్రేషన్ నంబరుతో వీరి పేరు ఆన్‌లైన్‌లో సరిచూసుకోవచ్చు.

రెండో రకం, ప్రకృతి వైద్యంలో బీఎన్‌వైఎస్ చదివినవారు. ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్ల కోర్సు ఇది. ఆక్యుపంక్చర్ ఇందులో ఒక పాఠ్యాంశం. హైదరాబాద్ బల్కంపేటలోని గాంధీ ప్రకృతి వైద్య కళాశాల ఈ చదువుకు పాత చిరునామా.

మూడో రకం, కొన్ని వారాలో నెలలో సర్టిఫికెట్ కోర్సు చేసి బోర్డు పెట్టినవారు. వీరిలో చేయి తిరిగినవాళ్లు ఉండొచ్చు. కానీ మీ నడుంనొప్పి వెనక వెన్నెముక టీబీ ఉందా, గడ్డ ఉందా అని అనుమానించే చదువు వారికి ఉండదు. తేడా అక్కడే.

మరో సంగతి. ‘ఆయుష్ బీమా ఉంది కదా’ అని ధీమాగా వెళ్లకండి. ఆయుష్ అంటే ఆయుర్వేదం, యోగా-ప్రకృతి వైద్యం, యునానీ, సిద్ధ, హోమియోపతి. ఆ పేరులో ఆక్యుపంక్చర్ లేదు. పైగా మామూలు ఆరోగ్య బీమా పాలసీలు ఆస్పత్రిలో చేరిన ఖర్చులకు. వారానికి రెండుసార్లు వెళ్లొచ్చే సిట్టింగ్‌లు ఓపీ కిందికి వస్తాయి. మీ పాలసీలో ఓపీ కవరేజీ ఉందో లేదో, అందులో ఆక్యుపంక్చర్ పేరు ఉందో లేదో మొదటి సిట్టింగ్‌కు ముందే రాతపూర్వకంగా అడగండి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదించిందంటారు, నిజమేనా?

సగం నిజం. 2022 నుంచి అమల్లో ఉన్న అంతర్జాతీయ జబ్బుల వర్గీకరణలో సంప్రదాయ వైద్యానికి ఒక అధ్యాయం ఉంది. మొదట చైనా, జపాన్, కొరియాల్లో వాడే పదాలు చేరాయి. ఆ తర్వాత మన ఆయుర్వేదం, సిద్ధ, యునానీ పదాలూ వచ్చాయి. గుజరాత్‌లోని జామ్‌నగర్‌లో సంప్రదాయ వైద్యానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ కేంద్రం కోసం 2022 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగింది.

కోడ్ ఇవ్వడం అంటే లెక్కపెట్టడానికి వీలు కల్పించడం. ఏ ఊళ్లో ఎంతమంది ఏ చికిత్సకు వెళ్తున్నారో తెలిస్తేనే మంచిచెడులు కొలవగలం. ఓటరు జాబితాలో పేరుంటే ఓటేయొచ్చు, గెలిచినట్టు కాదు కదా. ఇదీ అంతే. ఈ అధ్యాయం ఏ చికిత్స శాస్త్రీయతకూ ఆమోదముద్ర కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థే స్పష్టం చేసింది.

సూదితోపాటు చైనా మూలికలూ ఇస్తే?

ఆ లెక్క పూర్తిగా వేరు. చైనా సంప్రదాయ వైద్యంలో సూదులు ఒక భాగం, మూలికలు మరో పెద్ద భాగం. దానిలోని మేలుకూ కీడుకూ రెండు పేర్లు గుర్తుపెట్టుకుంటే చాలు.

మొదటిది ఆర్టిమిసినిన్. వియత్నాం యుద్ధకాలంలో మలేరియా మందు కోసం చైనా 1967లో ఒక రహస్య పథకం మొదలుపెట్టింది. అందులో పనిచేసిన తూ యూయూ, 4వ శతాబ్దపు వైద్య గ్రంథంలో ఒక మొక్క ప్రస్తావన చూశారు. దాన్ని మరిగించమని కాకుండా, నీళ్లలో నానబెట్టి పిండి తాగమని అందులో ఉంది. వేడి తగిలితే గుణం పోతోందేమో అని ఆమెకు తట్టింది. తక్కువ వేడిలో రసం తీసి, జంతువుల మీద, మనుషుల మీద పరీక్షించారు. 2015లో ఆమెకు నోబెల్ వచ్చింది. ఇవాళ అల్లూరి జిల్లా ఏజెన్సీలో ఫాల్సిపారమ్ మలేరియా వచ్చినవారికి ప్రభుత్వ ఆస్పత్రిలో ఇచ్చే మాత్రల్లో ఉన్నది ఆ మందు నుంచి పుట్టినదే. వినాయక చవితి పత్రిలో మనం వాడే మాచిపత్రి కూడా ఆ మొక్కకు చుట్టమే. అలాగని మాచిపత్రి కషాయం మలేరియాకు మందు కాదు. పాత పుస్తకం దారి చూపింది, పరీక్ష దాన్ని మందు చేసింది.

రెండోది అరిస్టలోకియా. 1990ల మొదట్లో బ్రస్సెల్స్‌లోని ఒక క్లినిక్ బరువు తగ్గడానికి చైనా మూలికల గుళికలు ఇచ్చింది. ఒక మూలిక స్థానంలో పేరు దగ్గరగా ఉన్న అరిస్టలోకియా కలిసిపోయింది. వంద మందికి పైగా మహిళల కిడ్నీలు దెబ్బతిన్నాయి. వారిలో కొందరికి తర్వాత మూత్రనాళ క్యాన్సర్లు వచ్చాయి. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఈ జాతి మొక్కలను మనుషుల్లో క్యాన్సర్ కలిగించేవాటి మొదటి జాబితాలో పెట్టింది. మన పల్లెల్లో పాముకాటుకు వాడే ఈశ్వరి మొక్క కూడా ఇదే జాతి. ‘మూలికే కదా, ఏం చేస్తుంది’ అనేది ఎంత ప్రమాదకరమైన మాటో దీంతో తెలుస్తుంది.

కాబట్టి ఆక్యుపంక్చర్ క్లినిక్‌లో పేరు రాయని పొడి, గుళికలు, కషాయం ఇస్తే తీసుకోవద్దు. లేబుల్, తయారీ లైసెన్స్ నంబరు లేని మందు ఏ దేశానిదైనా ఒకటే.

సూదులతో ప్రమాదం ఉందా?

శిక్షణ ఉన్న చేతిలో తక్కువ. జర్మనీలో డాక్టర్ల దగ్గర ఆక్యుపంక్చర్ చేయించుకున్న 2.29 లక్షల మందిని అడిగితే, 8.6 శాతం మంది ఏదో ఒక ఇబ్బంది చెప్పారు. ఎక్కువగా చిన్నపాటి రక్తస్రావం, కమిలిపోవడం, నొప్పి. చికిత్స అవసరమైన ఇబ్బంది వచ్చింది 2.2 శాతం మందికి. ఇద్దరికి ఊపిరితిత్తికి రంధ్రం పడింది.

ఈ లెక్క శిక్షణ పొందిన డాక్టర్లది. రొమ్ము, వీపు పైభాగం, భుజాల దగ్గర సూది లోతు తెలియని చేతిలో ప్రమాదం పెరుగుతుంది. వాడిన సూది మళ్లీ వాడితే హెపటైటిస్ బి, సి వంటివి అంటుకోవచ్చు.

రక్తం పలచబడే మందులు వాడుతున్నా, గర్భంతో ఉన్నా, రోగనిరోధక శక్తి తగ్గించే మందులు తీసుకుంటున్నా ముందే చెప్పాలి. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవాళ్లు కరెంటు పెట్టే ఎలక్ట్రో ఆక్యుపంక్చర్ జోలికి వెళ్లకూడదు.

అయితే అసలు పెద్ద ప్రమాదం సూదిలో లేదు, ఆలస్యంలో ఉంది. మూతి వంకరపోయి, చేయి పడిపోయి, మాట తడబడితే అది పక్షవాతం. రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్‌కు సమయం సాధారణంగా నాలుగున్నర గంటలే. ఆ సమయంలో వెళ్లాల్సింది 108లో, పెద్దాస్పత్రికి. నడుంనొప్పితోపాటు కాళ్లలో బలం తగ్గినా, మూత్రం, విరేచనం మీద అదుపు తప్పినా, జ్వరం వస్తున్నా, బరువు తగ్గుతున్నా, ఇంతకుముందు క్యాన్సర్ ఉన్నా ముందు స్కాన్, తర్వాతే ఏదైనా. షుగర్‌కు ఇన్సులిన్ మానేసి సూదులు వేయించుకోమని ఎవరన్నా చెబితే ఆ క్లినిక్ నుంచి వెంటనే లేచి రండి. టైప్-1 మధుమేహం ఉన్నవాళ్లు ఇన్సులిన్ ఆపితే కొద్ది రోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుంది.

వెళ్లాలనుకుంటే ఇలా వెళ్లండి

1. జబ్బు పేరు చేతిలో పెట్టుకుని వెళ్లండి. ముందు ఎముకల డాక్టరో, న్యూరాలజిస్టో చూసి కారణం తేల్చాలి. ఆక్యుపంక్చర్ ఆ తర్వాతి మాట.

2. రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. ‘మీరు ఏం చదివారు, ఎక్కడ నమోదయ్యారు’ అని అడగడం అమర్యాద కాదు. చెప్పడానికి ఇబ్బందిపడితే అదే మీకు జవాబు.

3. సూది ప్యాకెట్ మీ ఎదురుగా విప్పమనండి. ఒకసారి వాడి పారేసే సూదులే ఉండాలి. ‘మీ సూదులు మీకే దాచిపెడతాం’ అంటే ఒప్పుకోవద్దు. వాడిన సూదులను గుచ్చుకోని గట్టి తెల్ల డబ్బాలో వేయాలని 2016 నాటి జీవవైద్య వ్యర్థాల నిబంధనలు చెబుతున్నాయి. గదిలో ఆ డబ్బా ఉందో లేదో ఒకసారి చూడండి.

4. ప్యాకేజీ కట్టొద్దు. సిట్టింగ్‌కు 600 రూపాయలు అనుకుందాం. 20 సిట్టింగ్‌లకు ముందే 12 వేలు కడితే, ఆరో సిట్టింగ్‌కు గుణం లేదని తెలిసినా డబ్బు కోసం మిగతా 14 పూర్తి చేస్తారు. ఏ రోజు డబ్బు ఆ రోజు ఇవ్వండి, రసీదు తీసుకోండి.

5. మొదలుపెట్టే ముందు మీ గీత రాసుకోండి. ఫోన్ నోట్స్‌లో మూడు అంకెలు చాలు. నొప్పి 10కి ఎంత? ఆగకుండా ఎంతసేపు నడవగలుగుతున్నారు? వారంలో ఎన్ని నొప్పి మాత్రలు? ఆరు సిట్టింగ్‌ల తర్వాత మళ్లీ రాయండి. అంకెలు కదలకపోతే ఆపేయండి. కదిలితే 12 వరకు వెళ్లి మళ్లీ చూసుకోండి. ‘అప్పుడే ఎలా తెలుస్తుంది, ఇంకో 20 వేయించుకోండి’ అనే మాటకు ఏ దేశ మార్గదర్శకాల్లోనూ ఆధారం లేదు.

6. మందులు, వ్యాయామం ఆపొద్దు. జర్మనీ పరీక్షలో మోకాళ్ల రోగులందరికీ ఫిజియోథెరపీ కూడా ఉందని మరవొద్దు. సూది దానికి తోడు మాత్రమే. మాత్ర తగ్గించాలనుకుంటే రాసిన డాక్టర్‌తో మాట్లాడే తగ్గించాలి.

మరి అమ్మ విషయంలో ఏం చేయాలి?

మోకాళ్ల అరుగుదల అని డాక్టర్ తేల్చారు. మాత్ర పడటం లేదు. ఆపరేషన్‌కు ఇంకా సమయం ఉంది. అర్హత ఉన్న వ్యక్తి దగ్గర, కొత్త సూదులతో, ఆరు సిట్టింగ్‌లు ప్రయత్నించి చూడటంలో తప్పులేదు. నడక పెరిగి, మాత్రలు తగ్గితే ఆ ఉపశమనం ‘చి’ వల్ల వచ్చిందా, అరగంట ఎవరో శ్రద్ధగా చూసుకోవడం వల్ల వచ్చిందా అని అమ్మ పట్టించుకోనక్కర్లేదు. తగ్గకపోతే మాత్రం ఏడో సిట్టింగ్‌కు వెళ్లక్కర్లేదు.

మోకాళ్లతోపాటు షుగర్, థైరాయిడ్, పక్షవాతం అన్నీ తగ్గిస్తామన్న ఆ ఫొటోను మాత్రం పిన్నికే తిరిగి పంపండి. ‘ఏ జబ్బుకు, ఎవరు, ఎన్ని సిట్టింగ్‌ల వరకు?’ అని కింద ఒక్క లైను రాసి పంపండి.